మేం వచ్చేదాకా బంద్ చెయ్యొద్దు

నవంబర్ 21

ఇకమీదట మా అంబ్రీన్ కళ్ళు బాగున్నాయని ఎవరైనా అంటే ఊరుకోను.

నాలుగేళ్ళుగా ఇదే పాట. పుట్టిన రోజు నుంచీ "ఏం కండ్లే, ఎంత పెద్దగున్నయే" అన్నవాళ్ళే భైంసా అంతా. జాకెట్లు కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు కొలతలు మరిచిపోయి పిల్లను చూసేవారు. మా అత్తమ్మ దిష్టి తగులుతుందని కళ్ళకు కాటుకలా సుర్మా పెట్టేది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. ఎండలోకి తీసుకెళితే కళ్ళు గట్టిగా మూసుకొని నా భుజంలో ముఖం దాచుకునేది. సిగ్గు అన్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారేవి. జలుబు అన్నారు.

నిర్మల్‌లో కళ్ళ డాక్టరు దీపిక మేడం చూడగానే నీటికాసులు అన్నది. కంట్లో నీరు బయటికి పోయే దారి సరిగా లేదట. లోపల ప్రెషర్ పెరిగి, పసి కన్ను గనక సాగిందట. అది అందం కాదు, జబ్బు. ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదు, మందుల షాపు వాడితో సహా.

ఆమే కరీంనగర్ క్యాంపుకు పంపింది. ఎక్కడో పెద్ద నగరం నుంచి వచ్చిన డాక్టర్ల టీం రెండు కళ్ళకూ ఆపరేషన్ చేసింది. పైసా తీసుకోలేదు. అల్లా వాళ్ళను చల్లగా చూడాలి. ఇది మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. క్యాంపు పెట్టిన సంఘం అధ్యక్షుడు సుధాకర్ అన్న, కరీంనగర్‌లో బట్టల షాపాయన, అది మాకు తెలుగులో చెప్పాడు.

"చెల్లె, గీ ఎర్రమూత సీసా మందు రోజు నాలుగుసార్లు ఎయ్యాలె. నెలన్నరకు మేం మళ్ళొస్తం, చూస్తం. మేం వచ్చేదాక బంద్ చెయ్యొద్దు. సమజైందా?"

సమజైంది.

ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ. నేను చదివింది తెలుగు మీడియం, ఇంటర్ దాకా. మా ఆయన ఫయాజ్ షాపుల బోర్డులు కూడబలుక్కొని చదువుతాడు. అత్తమ్మకు అదీ రాదు. అందుకని ఈ నోటుబుక్కులో తెలుగులో ఏం రాసినా నాది నాకే.

నవంబర్ 24

ఎర్రమూత మందు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు. తప్పలేదు.

డిసెంబర్ 2

పేపర్లో జిల్లా పేజీలో మా పిల్ల ఫొటో వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మెడలో పూలదండ, పక్కన సుధాకర్ అన్న నవ్వు. పైన "నిరుపేద చిన్నారికి చూపు ప్రసాదం".

నిరుపేదలమని వీళ్ళకు ఎవరు చెప్పారు? ఫయాజ్ పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పని చేస్తాడు. నేను మిషన్ కుడతాను. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆపరేషన్‌కి కూడా దీపిక మేడం పంపితేనే వెళ్ళాం. ప్రసాదమట. గుళ్ళో పంచిపెట్టినట్టు.

ఫయాజ్ మాత్రం ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించాడు.

"పేరన్న రాయలే పోరిది," అన్నాను.

"ఫొటో ఉన్నది గదా. గది చాలు. నువ్వు ఊకె లొల్లి వెట్టకు."

నేను లొల్లి పెట్టలేదు. ఇందులో రాసుకున్నాను.

డిసెంబర్ 19

కళ్ళు ఎంత తేటగా ఉన్నాయో. ఎరుపు లేదు, నీళ్ళు లేవు. ఈ మందు మంచిది. తప్పలేదు.

జనవరి 8

రావాల్సిన వారం వచ్చి వెళ్ళిపోయింది. ఎవరూ రాలేదు. సుధాకర్ అన్నకు ఫోన్ చేశాను.

"టీం బిజీగున్నది చెల్లె. వాళ్ళు ఒక్క కరీంనగరే తిరుగుతరా? జర సబర్ వట్టు."

"మందు ఏం జెయ్యాలె అన్నా? సీసా ఒడిసింది."

"వాళ్ళేమన్నరు? వచ్చేదాక బంద్ చెయ్యొద్దన్నరు గదా. ఇంకోటి కొనుక్కొచ్చి ఎయ్యి."

కొనుక్కొచ్చాను. మందుల షాపు వాడు పాత సీసా చూసి కొత్తది ఇచ్చాడు. ఒక్క మాట అడగలేదు.

జనవరి 30

నిర్మల్ వెళ్ళాం. దీపిక మేడం కాన్పు కోసం సెలవులో ఉందట. ఆమె కుర్చీలో ఉన్న కుర్ర డాక్టరు పిల్లను లోపలికి కూడా పిలవలేదు.

"ఆపరేషన్ ఎవరు చేసిన్రు?"

"కరీంనగర్ క్యాంపుల."

"అయితే చేసినోళ్ళకే చూపెట్టండి. వేరేటోళ్ళు చేసిన కన్ను మేం ముట్టం."

నేనొక జాకెట్టు కుట్టి ఇస్తే వేసుకొని చూపించమంటాను. చంక దగ్గర పట్టేస్తే విప్పి మళ్ళీ కుడతాను. వేరే టైలరు కుట్టినది తెచ్చినా నాలుగు తిట్లు తిట్టి సరిచేసి పంపిస్తాను. వీళ్ళు పసిదాని కళ్ళు కోసి, ఎలా ఉన్నాయో చూడడానికి ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. బస్సులో దారి పొడుగునా ఇదే గొణిగాను. ఫయాజ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 15

సుధాకర్ అన్న ఫోన్ ఎత్తలేదు.

ఫిబ్రవరి 16

ఎత్తలేదు.

మార్చి 14

రంజాన్ రోజా ఉపవాసం ఉండి మందు వేయడంలో ఇబ్బంది లేదు కానీ, అత్తమ్మ అడిగింది.

"ఇంక ఎన్ని దినాలు ఏస్తవే? పోరి పరేషానైతుంది."

"వాళ్ళు వచ్చేదాక ఎయ్యమన్నరు."

"వాళ్ళు రాకపోతె?"

డాక్టర్లు అన్న మాట మీద ఈమెకు ఎప్పుడూ అనుమానమే. సుర్మా పెట్టిన మనిషి నాకు చెబుతోంది. వినలేదు. వేశాను.

మార్చి 27

అంబ్రీన్ నా గుండీల డబ్బాలోంచి ఎర్ర గుండీ అడిగితే ఎర్ర గుండీయే తెచ్చి ఇచ్చింది. అన్నీ కనబడుతున్నాయి.

ఏప్రిల్ 12

నిన్న రంజాన్ పండుగ. ఫయాజ్ చెల్లెలు అత్తగారి వాళ్ళతో వచ్చింది. అందరికీ చోటు కావాలని ఇనుప పెట్టెను గోడ దగ్గర నుంచి గుమ్మం పక్కకు జరిపారు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అంబ్రీన్ దానికి తగిలి పడింది. నొసలు చీరుకుపోయింది.

నేను నా ఆడబిడ్డను నోటికొచ్చినట్టు తిట్టాను. "మా ఇంట్ల సామాన్లు ఎందుకు జరుపుతున్నరు? ఎవలు జరుపుమన్నరు?" ఆమె పండుగ పూట ఏడ్చింది. ఫయాజ్ నాతో మాట్లాడడం లేదు.

పిల్లలన్నాక పడతారు. ఆ పిల్ల పరుగు అలాంటిది. మా ఇంట్లో ఏ వస్తువు ఉన్నచోట ఆ వస్తువు ఉండాలని నేనే అలవాటు చేశాను. మిషన్ కిటికీ కింద, పెట్టె గోడకు, కడవ గడప పక్కన. అది శుభ్రం కోసం.

ఏప్రిల్ 13

శుభ్రం కోసమే.

మే 20

అన్నీ కనబడుతున్నాయి. సుధాకర్ అన్న ఈసారి ఫోన్ ఎత్తి, టీం ఆగస్టులో వస్తుందన్నాడు. మందు కొత్త సీసా.

జూన్ 9

ఈ రోజు అంబ్రీన్ గుండీలు ఏరుతుంటే పక్కన కూర్చొని చూశాను. ఒక్కో గుండీని తీసి పెదవికి ఆనిస్తుంది. ఎర్రవాటికి అంచు ఉంటుంది. తెల్లవి నున్నగా ఉంటాయి. పెదవికి ఆనించి, అప్పుడు నా చేతిలో పెడుతుంది.

ఆట అనుకున్నాను. అనుకుంటున్నాను.

జూన్ 10

అంచున్న ఎర్ర గుండీలన్నీ తీసేసి, అంచు లేని ఎర్ర గుండీ ఒకటి వెతికి డబ్బాలో కలిపాను. ఎర్రది తెమ్మన్నాను. చాలాసేపు వెతికి తెల్లది ఇచ్చింది. ఇచ్చి, నవ్వుతూ, మెచ్చుకుంటానని నిలబడింది.

మెచ్చుకున్నాను.

జూలై 4

దీపిక మేడం తిరిగి వచ్చిందని తెలిసి నిర్మల్ వెళ్ళాం. ఏమైందో వరసగా రాయాలి. రాయకపోతే రేపు ఇంకోలా గుర్తుంచుకుంటాను, నాకు ఆ అలవాటు ఉంది.

చేత్తో పట్టుకునే చిన్న యంత్రంతో పిల్ల కంటి ప్రెషర్ చూసింది. మళ్ళీ చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"ఇప్పుడేం మందు వేస్తున్నరమ్మా?"

సీసా తీసి ఇచ్చాను. సంతోషంగానే ఇచ్చాను, తప్పకుండా వేస్తున్నానని చెప్పుకోవచ్చని.

"ఇదా? ఎప్పటినుంచి?"

"ఆపరేషన్ అయినప్పటి సంది మేడం. ఒక్కపూట తప్పలే. వాళ్ళు వచ్చేదాక బంద్ చెయ్యొద్దన్నరు."

"వాళ్ళు ఎప్పుడొచ్చిన్రు?"

"రాలే."

ఆమె సీసాను బల్ల మీద పెట్టింది. తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకొని చెప్పింది. అది ఆపరేషన్ గాయం మానడానికి కొన్ని వారాలు వేసే మందట. మెల్లగా తగ్గించి ఆపేయాలట. నెలల తరబడి వేస్తే కొందరు పిల్లలకు అదే ప్రెషర్ పెంచుతుందట. కన్ను తేటగానే కనబడుతుంది, లోపల నరం చచ్చిపోతుంది.

"ఆపరేషన్ మంచిగనే చేసిన్రు యాస్మీన్. గా మందు వల్లనే ఇట్లయింది."

ఎడమ కంట్లో వెలుతురు తెలిస్తే తెలుస్తుంది, అంతే. అది తిరిగి రాదు. కుడి కంట్లో ఇంకా మసకగా చూపు ఉంది. దాన్ని కాపాడుకోవాలి. వేరే మందులు రాసింది. ప్రెషర్ దిగకపోతే మళ్ళీ ఆపరేషన్ అన్నది.

ఫయాజ్ ఎర్రమూత సీసా తీసుకొని బయటికి వెళ్ళాడు. మోరీలో పడేసిన చప్పుడు వినిపించింది.

జూలై 5

ఒక్కపూట తప్పలేదు. ఒక్కపూట తప్పలేదు. రోజా ఉండి కూడా తప్పలేదు.

జూలై 9

క్యాంపులో ఆపరేషన్ అప్పుడు మా పక్క మంచం బాలలక్ష్మిది. సుల్తానాబాద్ వాళ్ళు, ఆమె పెనిమిటి పవర్‌లూమ్ మగ్గాల దగ్గర పని చేస్తాడు. ఆమె కొడుక్కీ అదే రోజు అదే ఆపరేషన్. ఫోన్ చేశాను. వాళ్ళ పిల్లాడికీ ఇలాగే అయి ఉంటుందని, ఇద్దరం కలిసి అడుగుదామని.

"మంచిగున్నడక్కా. మొన్న కరీంనగర్ల చూపెట్టినం, ప్రెషర్ ఏం లేదన్నరు. పిట్టను చూసి ఉరుకుతుండు."

"మందు ఎన్నాళ్ళు ఏసిన్రు?"

"ఏ మందు? గా ఎర్రమూతదా? గది ఒడిసింది, ఇడిసిపెట్టినం. ఎవ్వలు తెస్తరక్కా మళ్ళ?"

చాలా మంచిది అని ఫోన్ పెట్టేశాను. తర్వాత స్నానాల గదిలో తలుపేసుకొని గోడను కొట్టాను.

మందు అయిపోతే వదిలేసిన ఆమె కొడుకు పిట్టను చూస్తున్నాడు. చెప్పిన మాట విన్న నా బిడ్డ గుండీని పెదవితో వెతుకుతోంది. ఇదెక్కడి న్యాయం? ఆ పసివాడి చూపు మీద నాకు ఏడుపు లేదు. ఉంది. అరగంట ఉంది. తర్వాత పోయింది.

జూలై 10

రాత్రంతా అదే మాట వెనక్కి తిప్పి చూశాను. "మేం వచ్చేదాక." అందులో నాకు అర్థం కానిది ఏముంది? వాళ్ళు వస్తామని అన్నారు కాబట్టే అది మందు. రాలేదు కాబట్టి విషమైంది. ఇందులో నా తప్పు ఎక్కడ ఉందో వెతికాను. మొండిగా వెతికాను. వేయడం మానేస్తే నా తప్పు, వేస్తే నా తప్పు. రాకపోవడం మాత్రం ఎవరి తప్పూ కాదు.

జూలై 29

కొత్త మందులతో ప్రెషర్ కొంత దిగింది, చాలినంత దిగలేదు. హైదరాబాద్‌లో తేదీ దొరికేసరికి ఆలస్యమవుతుందట. క్యాంపు డాక్టర్ల టీంకు దీపిక మేడం రెండుసార్లు కబురు పెట్టిందట. జవాబు లేదు.

ఈ సాయంత్రం సుధాకర్ అన్న తనంతట తానే ఫోన్ చేశాడు. గొంతులో పెళ్ళి పిలుపు సంబరం.

"చెల్లె, టీం వస్తున్నది. మీటింగ్ వెట్టినం. నీ బిడ్డె మా మొదటి ఫొటో. స్టేజి మీదికి రావాలె. కొత్త గౌను నేనే పంపిస్త."

"అన్నా, పోరికి ఎడమ కన్ను పోయింది."

ఆయన గొంతు తగ్గించాడు.

"గట్లనా. అయితే డాక్టర్ సాబే చూస్తడు గదా. మీటింగ్ అయినంక చూపెడదం. ముందుగాల ఏం అనకు."

ఫోన్ పెట్టాక ఫయాజ్ చాలాసేపు గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"పోదాం," అన్నాడు. "కుడి కన్ను వాళ్ళ చేతుల్నే ఉన్నది. నీ నోరు జర కట్టుకో. వాళ్ళతోని పని ఉన్నది మనకు."

కట్టుకుంటానన్నాను. నిజంగానే అన్నాను.

ఆగస్టు 11

కరీంనగర్‌లో ఫంక్షన్ హాలు. స్టేజి వెనక ఫ్లెక్సీలో అంబ్రీన్, నల్ల కళ్ళద్దాలతో, నా ఇంటి తలుపంత ఎత్తున. కింద "చూపు పొందిన చిన్నారి". ఈసారీ పేరు లేదు.

ఏం చేయాలో ముందే చెప్పారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు బొమ్మ ఇస్తాడు, పిల్ల నాలుగడుగులు నడిచి వెళ్ళి తీసుకోవాలి, అందరూ చప్పట్లు కొడతారు. నేను పక్కన నిలబడితే చాలు. నోరు కట్టుకొనే ఉన్నాను.

బొమ్మ ప్లాస్టిక్ కవరులో ఉంది. డాక్టరు దాన్ని ముందుకు చాపగానే కవరు గరగరలాడింది. అంబ్రీన్ చెవి అటు తిరిగింది. తిన్నగా నడిచి వెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది. హాలంతా చప్పట్లు. సుధాకర్ అన్న మైకులో "చూసిన్రా, చూసిన్రా" అంటున్నాడు. అంబ్రీన్ నా వైపు తిరిగి నవ్వింది. ఆ రోజు తెల్ల గుండీ ఇచ్చి నవ్విన నవ్వే.

ఇంకొక్క నిమిషం ఊరుకుంటే మేం కిందికి దిగేవాళ్ళం. ఊరుకోలేకపోయాను.

బొమ్మ తీసుకొని కవరు చింపేశాను. ఉత్త బొమ్మను డాక్టరు చేతిలో పెట్టాను. "మళ్ళ ఇయ్యండి," అన్నాను. "ఎడమ దిక్కుకెళ్ళి. సప్పుడు గాకుంట."

సుధాకర్ అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. చేత్తో చూపించాను కాబట్టి డాక్టరుకు అర్థమైంది. ఎడమ పక్క నిలబడి బొమ్మ చాపాడు.

"అంబ్రీన్, బొమ్మ తీసుకో బేటా."

పిల్ల చేతులు ముందుకు చాపింది. అక్కడ ఎవరూ లేరు. చాపి అలాగే నిలబడింది, ఎవరో పెడతారని, నవ్వుతూ. నా బిడ్డను అంతమంది ముందు అలా నిలబెట్టినందుకు నా మీద నాకూ కోపమే. నేనే వెళ్ళి ఎత్తుకున్నాను.

డాక్టరు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి చిన్న లైటు తీసి పిల్ల కళ్ళు చూశాడు, నేనిచ్చిన దీపిక మేడం చీటీ చదివాడు. సుధాకర్ అన్నతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. సుధాకర్ అన్న నా వైపు తిరిగాడు.

"గా మందు గిన్ని నెలలు ఎవలు ఎయ్యమన్నరని అడుగుతుండు."

అప్పుడు నేను ఉర్దూలో, నేరుగా డాక్టరు ముఖంలోకి చూస్తూ చెప్పాను. "మీరే. మేం వచ్చేదాక బంద్ చెయ్యొద్దన్నరు. నేను బంద్ చెయ్యలే. మీరు ఇయ్యాల వచ్చిన్రు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీకు హిందీ వచ్చా?" అన్నాడు, హిందీలో.

"మీరు అడగలే."

ఇదే నాకు అన్నిటికంటే మండుతోంది. ఆయనకు హిందీ వచ్చు. నాకు ఉర్దూ వచ్చు. ఆ రోజు ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. నిరుపేద తల్లికి ఏం తెలుస్తుందని ఆయన, పెద్ద డాక్టరు ముందు నోరెత్తకూడదని నేను, మధ్యలో బట్టల షాపాయన. నన్ను సూటిగా అడిగి ఉంటే, "మీరు రాకపోతే ఎట్ల" అని నేనూ అడిగి ఉండేదాన్ని. మా అత్తమ్మ అడిగింది. చదువురాని మా అత్తమ్మ ఒక్కతే అడిగింది.

"ఆపరేషన్ బాగానే అయ్యింది," అన్నాడు డాక్టరు. "తర్వాత ఎవరూ చూడలేదు."

"ఎవరూ అంటే?"

ఆయన వెనక ఫ్లెక్సీ వంక చూశాడు. అప్పుడు చెప్పాడు. "మేం చూడలేదు."

ఆగస్టు 12

ఈ పొద్దున కుడి కంటికి ఆపరేషన్. ఆయనే చేశాడు. అదే చేతుల్లో మళ్ళీ పిల్లను పెట్టాను, వేరే దారి లేదు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు అంబ్రీన్ నా కొంగు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను.

ఫయాజ్ బెంచీ మీద కూర్చొని అన్నాడు. "నువ్వు నోరు కట్టుకుంటనన్నవు."

"అన్న."

"మంచిగైంది కట్టుకోలే."

ఆగస్టు 15

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి హిందీలో చెప్పాడు. గాయం మానడానికి మళ్ళీ ఎర్రమూత మందే ఇచ్చి, ఈసారి దాన్ని ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపేయాలో చెప్పాడు. "మళ్ళీ నేను వచ్చినప్పుడు..." అనబోయాడు.

"మీరు వచ్చేటప్పటి మాట వద్దు డాక్టర్ సాబ్. మీరు రాకపోతె ఎవరు చూస్తరు?"

నా ముందే దీపిక మేడంకు ఫోన్ చేశాడు. ప్రతి వారం ఆమె చూసి ఆయనకు చెబుతుంది. ఫోన్‌లో ఆమె గొంతు నాకు వినబడేదాకా నేను లేవలేదు.

సెప్టెంబర్ 22

ఎర్రమూత మందు ఆపేసి వారమైంది. ప్రెషర్ అదుపులోకి వచ్చిందని దీపిక మేడం చెప్పింది. జీవితాంతం చూపిస్తూనే ఉండాలన్నది. చూపిస్తాను.

ఇంటికి వచ్చి మిషన్‌ను కిటికీ కింద నుంచి గది మధ్యకు, పిల్ల కుడి వైపు వచ్చేలా జరిపాను. అత్తమ్మ వద్దంది. అంబ్రీన్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, దాని ముందు ఆగింది.

"అమ్మీ, మిషన్ ఇక్కడెందుకున్నది?"

ఏం చెప్పానో గుర్తులేదు. తర్వాత ఎడమ పక్క పరుపుచుట్ట పెట్టి పిలిచాను. తగిలి దాని మీద పడింది. పడి నవ్వింది. అదీ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎడమ పక్క తగిలింది.

సెప్టెంబర్ 25

సుధాకర్ అన్న ఫోన్. వచ్చే ఏడు ఫ్లెక్సీ కోసం కొత్త ఫొటో కావాలట.

"చూపొచ్చింది గదా చెల్లె?"

"ఒక కన్ను నిలవడ్డదన్నా. ఒక కన్ను పోయింది. రెండూ రాయించు. పోరి పేరు అంబ్రీన్, గది గుడ రాయించు. అప్పుడు ఫొటో పంపుత."

ఆయన సంఘంలో అడగాలన్నాడు. నేను ఫోన్ పెట్టేయలేదు. చివరికి, "చూస్త చెల్లె," అన్నాడు.

రేపు మళ్ళీ ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే ఎల్లుండి చేస్తాను. చెప్పిన పని తప్పకుండా చేయడం నాకు బాగా అలవాటు.